ఎండకన్నా ఖాళీతోనే చిక్కు: వేసవికి ముందు ఇంటి ప్లంబింగ్

వేసవి మధ్యలో ప్లంబర్ దొరకడం కష్టం. ఎందుకని అడిగితే అందరూ ఎండనే చూపిస్తారు: పైపు కాలింది, పెళుసెక్కింది, పగిలింది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఈ కాలంలో వచ్చే ఇబ్బందులను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే ఎక్కువ వాటికి మూలం వేడి కన్నా ఖాళీ. ఇంటి ప్లంబింగ్ అంతా ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటుందన్న లెక్క మీదే నడుస్తుంది. పైపులో నీళ్లు పారుతున్నంతసేపు దాని గోడ మరీ వేడెక్కదు. మోటారు సీలు తడిగా ఉంటుంది. సింకు కింద వంపులో నిలిచిన నీళ్లు మురుగు వాసనను ఆపుతాయి. ట్యాంకు అడుగున చేరిన మడ్డి కదలకుండా పడి ఉంటుంది. సరఫరా తగ్గి, ట్యాంకు తరచూ అడుగంటి మళ్లీ నిండడం మొదలయ్యాక ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి చెడతాయి.

కాబట్టి వేసవి తనిఖీ పైపులకు నీడ కల్పించడంతో ఆగిపోతే సగం పనే అయినట్టు. నీళ్లు పోయినప్పుడు ఏం జరుగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఏం జరుగుతుంది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే ఏది ముందు సరిచేయాలో తేలిపోతుంది. ఎండలు ముదరకముందే, ఓ పూట సరఫరా ఆపినా ఇబ్బంది లేని రోజుల్లోనే ఈ పని పెట్టుకోవాలి. నీటి ఎద్దడి మొదలయ్యాక నిండు ట్యాంకు పారబోసి కడగాలంటే ఎవరికీ చేతులు రావు.

ముందు వాల్వులు

ఏడాది పొడవునా ఎవరూ ముట్టని గేట్ వాల్వు సరిగ్గా అవసరమైన రోజునే తిరగదు. లోపల ఉప్పు పేరుకుని స్పిండిల్ (పై చక్రాన్ని లోపలి గేటుతో కలిపే కడ్డీ) పట్టేసి ఉంటుంది. పైపు పగిలి నీళ్లు ఎగజిమ్ముతున్న కంగారులో దాన్ని పానాతో బలంగా తిప్పితే స్పిండిల్ విరుగుతుంది. అప్పుడు పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపల గేటు మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ ప్రమాదం తప్పాలంటే తీరిక ఉన్నప్పుడే ప్రతి వాల్వునూ నిదానంగా మూసి, తెరిచి చూడాలి. బిగుసుకుని ఉంటే కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఆడిస్తూ వదులు చేయాలి తప్ప ఒకేసారి బలం పెట్టకూడదు. పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కు తిప్పి వదిలితే మళ్లీ పట్టేయడం తగ్గుతుంది. స్పిండిల్ పక్కనుంచి చెమ్మ ఊరితే దాని చుట్టూ ఉండే గ్లాండ్ నట్టు కాస్త బిగిస్తే చాలు.

మీటరు దగ్గర ఉన్న ప్రధాన వాల్వు, ట్యాంకు కింద అవుట్‌లెట్ వాల్వు, ఒక్కో బాత్రూంకి వేరుగా ఉన్నవి అన్నీ ఇలా చూసుకోవాలి. వీటిలో ప్రధాన వాల్వు పూర్తిగా మూసుకోకపోతే దాన్ని మార్చేదాకా మిగతా పనులేవీ మొదలుపెట్టకపోవడమే మేలు. పావు తిప్పుతో తెరుచుకునే బాల్ వాల్వు వేస్తే ఇంకా నయం: పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోవచ్చు.

వాల్వులు మాట వింటున్నాయని తేలాక కారుడు వెతకడం సులువు. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టాలి. ట్యాంకులోకి నీళ్లు రాకుండా ఇన్‌లెట్ మూసేయాలి. తెల్లవారాక ఎంత దిగిందో చూడాలి. 1.1 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు దిగిందంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. మరుసటి రాత్రి అవుట్‌లెట్ వాల్వు కూడా మూసి ఇదే పరీక్ష చేయాలి. ఈసారి మట్టం దిగకపోతే తప్పు ట్యాంకుది కాదు, కింది లైనుది. అప్పుడు బాత్రూం వాల్వులు ఒక్కొక్కటి మూస్తూ పోతే దొంగ ఎక్కడో దొరుకుతుంది. ట్యాంకు లేని ఇళ్లలో మీటరు రీడింగు ఈ పని చేస్తుంది. రెండు గంటలు ఒక్క కుళాయి కూడా తెరవకుండా ఉన్నా అంకెలు కదిలితే ఎక్కడో కారుతున్నట్టే.

చాలాసార్లు దొరికే దొంగ ఫ్లష్ ట్యాంకు. లోపలి రబ్బరు వాషర్ గట్టిపడి, గిన్నె వెనక గోడ మీద సన్నటి పొరలా నీళ్లు జారుతుంటాయి. చప్పుడు ఉండదు, కంటికీ ఆనదు. ఫ్లష్ ట్యాంకులో కొద్దిగా రంగు కలిపి, ఎవరూ వాడకుండా అరగంట వదిలితే గిన్నెలో రంగు కనిపిస్తుంది. కుళాయి చుక్కలు వినిపిస్తాయి కాబట్టి వాటి మీదే అందరికీ కోపం. సెకనుకో చుక్క పడితే రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. తక్కువేమీ కాదు గానీ, వినిపించని ఫ్లష్ కారుడు దీన్ని తేలిగ్గా మించిపోగలదు.

ఎండ పైపును ఏం చేస్తుంది

ప్లాస్టిక్ పైపు వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. పీవీసీ పైపు ఒక్కో మీటరుకు, ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగేకొద్దీ సుమారు 0.07 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ మేడ మీద ఎండలో పరిచిన 10 మీటర్ల లైనును తీసుకోండి. తెల్లవారుజామున 25 డిగ్రీలు ఉన్న పైపు మధ్యాహ్నానికి 60 చేరితే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు సాగుతుంది. పీపీఆర్ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) పైపయితే ఐదు సెంటీమీటర్లు దాటుతుంది. అదే పొడవు జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు సాగేది నాలుగు మిల్లీమీటర్లే. ఈ సాగుడు రోజూ ఒకసారి జరిగి, రాత్రికి వెనక్కు వస్తుంది. పైపు రెండు చివరలా కదలకుండా బిగించి ఉంటే ఆ బలమంతా పోయి మలుపు తిప్పే ఎల్బోల మీద, మూడు దారులు కలిపే టీల మీద పడుతుంది. పైపు మధ్యలో బాగానే ఉండి జాయింటు దగ్గరే కారడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు క్లాంపుల్లో ఉంది. పైపును గట్టిగా పట్టి ఉంచే క్లాంపు లైనుకు ఒకటి చాలు. మిగతావి పైపు వాటిలో జారేటంత వదులుగా ఉండాలి. పొడవాటి లైనులో మధ్యలో ఒక వంపు ఇస్తే సాగుడు ఆ వంపులో సర్దుకుంటుంది. గోడలోకి దూరే చోట పైపు చుట్టూ సిమెంటు బిగించి ఉంటే, ఆ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి చుట్టూ మెత్తటి పూత నింపడం మంచిది. వేడికి పీవీసీ మెత్తబడి కుంగుతుంది కూడా. క్లాంపుల మధ్య పైపు ఉయ్యాలలా వేలాడుతుంటే మధ్యలో ఇంకో ఆధారం ఇవ్వాలి. ఆ కుంగు అందవికారమే కాదు, గాలి చిక్కుకోవడానికీ అదే చోటు చేస్తుంది. దాని సంగతి కాసేపట్లో.

రెండోది బలం తగ్గడం. పీవీసీ పైపు మీద ముద్రించిన ఒత్తిడి పరిమితి 23 డిగ్రీల దగ్గర లెక్కగట్టినది. 38 డిగ్రీల దగ్గర అందులో 62 శాతమే లెక్కకు వస్తుంది. 49 దగ్గర 40 శాతం, 60 దగ్గర దాదాపు 22 శాతం. ఈ అంకెలు చూసి హడలిపోనవసరం లేదు. మేడ మీది ట్యాంకు నుంచి దిగే లైనులో ఒత్తిడి చాలా తక్కువ, 10 మీటర్ల ఎత్తుకు ఒక బార్ మాత్రమే. దాన్ని మెత్తబడిన పైపు కూడా మోస్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది మోటారు నుంచి పైకెక్కే డెలివరీ లైను, ప్రెజర్ పంపు తర్వాత వచ్చే లైను. పడమటి గోడ మీద, ఎండకు ఎదురుగా వెళ్లే డెలివరీ పైపు వేడెక్కి ఉన్న మధ్యాహ్నం మూడింటికి మోటారు వేయడం కన్నా పొద్దున్నే వేయడం మంచిదని చెప్పేది ఇందుకే. ఆ చోట పైపు మార్చే అవకాశం ఉంటే వేడిని ఎక్కువ తట్టుకునే సీపీవీసీ గానీ లోహపు పైపు గానీ వేయించుకోవచ్చు.

మూడోది సూర్యకాంతి. అతినీలలోహిత కిరణాలు పీవీసీ పైపొరను నెమ్మదిగా తినేస్తాయి. పైపు మీద వేలు రాస్తే సుద్దపొడిలా అంటుకుంటుందంటే పైపొర పోయినట్టు. లోపల ఒత్తిడిని ఇంకా ఆపుతుంది గానీ నిచ్చెన తగిలినా, ఎవరైనా కాలు వేసినా పుటుక్కున విరుగుతుంది. లేత రంగు నీటి పెయింటు పూస్తే ఇది బాగా తగ్గుతుంది, వేడి కూడా కొంత తగ్గుతుంది. నూనె పెయింట్లలోని థిన్నర్ పీవీసీకి పడదు, అవి వద్దు. నురుగు గొట్టాల తొడుగులు వేసేవాళ్లు ఒక విషయం మరిచిపోతుంటారు: ఆ నురుగు కూడా ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది. పైన రేకుగానీ టేపుగానీ చుట్టకపోతే మరుసటి వేసవికి మిగలదు.

ఎండలో జాయింట్లు అతికించడం గురించి ఒక మాట. పైపు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉన్నప్పుడు సాల్వెంట్ సిమెంటు (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) పూస్తే, పైపును ఫిట్టింగులోకి నెట్టేలోపే అందులోని ద్రావకం ఆవిరైపోతుంది. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, నిజానికి రెండు ప్లాస్టిక్ గోడలూ కరిగి కలిసిపోయి ఉండవు. ఇలాంటి జాయింటు కొన్నాళ్లు నిలిచి, డెలివరీ ఒత్తిడికి ఒకరోజు ఊడి చేతికొస్తుంది. నీడలో, పొద్దున్న లేదా సాయంత్రం, తడిగుడ్డతో పైపు చల్లబరిచి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే పూయాలి. ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి కుళాయిని బిగించేటప్పుడు కూడా చేతి బలానికి పైన కొంచెం తిప్పితే చాలు. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి పానాతో లాగి బిగిస్తే ప్లాస్టిక్‌లో కంటికి కనిపించని చీలిక మొదలవుతుంది, వేసవి సాగుడు దాన్ని పెద్దది చేస్తుంది. లోపల ఇత్తడి మర పోతపోసి ఉన్న ఫిట్టింగులు ఇలాంటిచోట నమ్మకమైనవి.

నీళ్లు పోయి, గాలి చేరినప్పుడు

ట్యాంకు పూర్తిగా అడుగంటింది. నీళ్లు మళ్లీ నిండాయి. అయినా వంటగది కుళాయిలో రావడం లేదు, పక్క బాత్రూంలో మాత్రం ధారాళంగా వస్తున్నాయి. ఎక్కడో అడ్డుపడిందనుకుని కుళాయి విప్పుతారు, పైపు తట్టి చూస్తారు. అడ్డం పడింది చెత్త కాదు, గాలి. లైను ఎక్కడైనా పైకెక్కి మళ్లీ దిగితే ఆ ఎత్తైన చోట గాలి చిక్కుకుంటుంది. తలుపు మీదుగా పైపును తిప్పి దించినచోట, ఇందాక చెప్పిన కుంగిన పైపు పక్కన ఎత్తుగా మిగిలిన చోట ఇది జరుగుతుంది. మేడ మీది ట్యాంకు ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి ముద్దను నెట్టే శక్తి నీటికి చాలదు.

దీనికి నిలకడైన పరిష్కారం గాలి పైపు. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు దాటగానే లైను నుంచి ఒక సన్నటి పైపును నిలువుగా లేపి, ట్యాంకు పైఅంచు కన్నా ఎత్తుగా తెరిచి వదులుతారు. లైను నిండేటప్పుడు గాలి అందులోంచి పోతుంది. ఖాళీ అయ్యేటప్పుడు అందులోంచే గాలి లోపలికి వచ్చి, పైపులో శూన్యం ఏర్పడకుండా చూస్తుంది. ఖర్చు తక్కువ, పని చిన్నది, అయినా లేని ఇళ్లు ఎన్నో. ఉన్నచోట కూడా దాని నోట్లో కందిరీగలు గూడు కట్టి మూసేస్తుంటాయి. ఎక్కి చూసి, సన్నటి జాలీ కట్టాలి.

గాలి పైపు లేకపోతే నింపే పద్ధతిలో జాగ్రత్త కావాలి. ట్యాంకు ఖాళీ అవుతుందని తెలియగానే, కొంచెం నీళ్లు మిగిలి ఉండగానే అవుట్‌లెట్ వాల్వు మూసేస్తే లైనులో నీళ్లు నిలిచిపోతాయి, గాలి చేరే అవకాశమే ఉండదు. అది కుదరకపోతే ట్యాంకు సగానికి పైగా నిండేదాకా వాల్వు మూసి ఉంచాలి. తర్వాత ఇంట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయిని పూర్తిగా తెరిచి, వాల్వును కొద్దికొద్దిగా తెరవాలి. చిమ్ముడు, బుడబుడలు ఆగి ధార నిలకడగా వచ్చాక పై కుళాయిలు ఒక్కొక్కటి తెరిచి మూయాలి.

వాల్వును నిదానంగా తెరవమనడానికి ఇంకో కారణముంది. ఖాళీ పైపులో నీళ్లు గాలిని తరుముతూ వేగంగా పరిగెత్తి, చివర మూసి ఉన్న కుళాయినో ఎల్బోనో కొట్టుకుని ఒక్కసారి ఆగుతాయి. ఆ వేగమంతా ఒత్తిడిగా మారుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీరు హఠాత్తుగా ఆగితే ఉక్కు పైపులో 12 బార్లకు పైగా, సాగే గుణమున్న పీవీసీలో సుమారు 4 బార్ల ఒత్తిడి అదనంగా పుడుతుంది. ఖాళీ లైనులో నీటి వేగం ఒక మీటరు దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. మధ్యాహ్నపు వేడికి పీవీసీ బలం సగానికి సగం పడిపోతుందని పైన చూశాం. ఈ రెండూ కలిసినప్పుడే డబ్‌మన్న చప్పుడు, వెంటనే జాయింటు ఊడడం. పైపు ఎండకు పగిలిందని అందరూ అనుకునే సందర్భాల్లో అసలు కథ చాలావరకు ఇది: ఎండ దాన్ని బలహీనపరిచింది, తిరిగొచ్చిన నీళ్లు కొట్టిన దెబ్బకు పగిలింది.

ఖాళీ వల్ల వచ్చే మూడో చిక్కు కంటికి కనిపించదు. బయటి సరఫరా లైనులో ఒత్తిడి పోయినప్పుడు ఆ పైపు నీళ్లను ఇవ్వడం మాని, వెనక్కు పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మొక్కలకు పెట్టిన హోస్ పైపు చివర మురికి బకెట్లో మునిగి ఉంటే ఆ బకెట్ నీళ్లు లైనులోకి పోతాయి. భూమిలోని పైపుకు సన్నటి చీలిక ఉంటే చుట్టూ ఉన్న తడి, పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికి ఊరుతుంది. సరఫరా లైనుకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు ఈ పీల్పును స్వయంగా తయారుచేస్తున్నట్టే. నీళ్లు ఎక్కువ వస్తున్నాయన్న సంబరంలో ఏం వస్తున్నాయో చూసుకోరు.

దీనికి అడ్డుకట్టలు సులువైనవే. సంపులోకి నీళ్లు పడే పైపు చివర, నీటిమట్టం ఎంత పెరిగినా దానికి తగలనంత ఎత్తులో ఉండాలి. పైపు వ్యాసానికి కనీసం రెట్టింపు ఎడం ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. హోస్ తగిలించే కుళాయికి నీళ్లు వెనక్కు పోనివ్వని వాల్వు వేయాలి. అంతరాయం తర్వాత వచ్చే మొదటి నీళ్లను సంపులోకి వదలకుండా, రంగూ వాసనా తేటపడేదాకా బయటికి వదిలేయాలి. నీళ్ల కోసం ఎదురుచూసి ఎదురుచూసి, వచ్చిన మొదటి ధారను పారబోయడం ప్రాణం మీదకు వచ్చినట్టు ఉంటుంది నిజమే. వాటిని నేల కడగడానికి పట్టుకోవచ్చు.

మోటారు మొండికేస్తే

నేలమీద ఉండే మోటారు నీళ్లను లాగదు. గొట్టంలో గాలిని తగ్గిస్తే, బయటి వాతావరణ పీడనం నీళ్లను పైకి నెడుతుంది. ఆ నెట్టుడుకు ఒక హద్దు ఉంది: సముద్రమట్టం దగ్గర లెక్క ప్రకారం 10.3 మీటర్లు, ఆచరణలో 6 నుంచి 7 మీటర్లు. వేసవిలో బావిలోనో సంపులోనో నీటిమట్టం దిగితే నిన్నటిదాకా ఎత్తిన మోటారే ఈరోజు ఎత్తదు. తప్పు మోటారుది కాదు, దూరానిది. నీళ్లు వెచ్చనైతే ఈ హద్దు ఇంకొంచెం తగ్గుతుంది. నీళ్లు మోటారుకు ఎక్కే గొట్టాన్ని సక్షన్ పైపు అంటారు. దాని అడుగున నీళ్లు వెనక్కు దిగకుండా ఆపే ఫుట్ వాల్వు సరిగ్గా మూసుకోకపోతే రాత్రికి రాత్రే ఆ పైపులోని నీళ్లు దిగిపోయి, పొద్దున్నే మళ్లీ నీళ్లు పోసి ప్రైమింగ్ చేయాల్సి వస్తుంది. సక్షన్ జాయింటులో సన్నటి సందున్నా అంతే. అక్కడ నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది కాబట్టి తడి కనిపించదు. అనుమానమున్న జాయింటు మీద సబ్బు నురుగు పూసి మోటారు వేస్తే ఆ నురుగు లోపలికి పీల్చుకోవడం చూడొచ్చు.

నీళ్లు లేకుండా తిరిగితే సీలు నిమిషాల్లో మాడిపోతుంది. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారుకైతే చుట్టూ పారే నీళ్లే చల్లదనం, అవి తగ్గితే వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలుతుంది. నీళ్లు లేకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణ ఉన్న స్టార్టర్ పెట్టించుకోవడానికి వేసవి కన్నా మంచి కారణం ఇంకొకటి ఉండదు. వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాక్కుని వేడెక్కుతుంది, కనుక ఆ రక్షణ కూడా అదే పెట్టెలో ఉండాలి. ఇంకో చిన్న అలవాటు పనికొస్తుంది: అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో స్టార్టర్ పెట్టె మీద రాసి ఉంచడం. 40 నిమిషాల పని 60కి చేరిందంటే మోటారు ఆగిపోకముందే సంగతి తెలుస్తుంది.

ట్యాంకు

నల్ల ట్యాంకుల ప్లాస్టిక్‌లో కలిపే కార్బన్ నలుపు దాన్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, ఆ నలుపే వేడిని కూడా పీల్చుకుంటుంది. ట్యాంకుల పాలిథిన్‌కు మామూలు పెయింటు సరిగ్గా అంటుకోదు, కొన్నాళ్లకే పెచ్చులుగా లేస్తుంది. ట్యాంకుకు ఆనకుండా, గాలి ఆడేలా పైన నీడ వల కట్టడం మెరుగు.

చల్లటి నీళ్ల కోసమే ఈ శ్రమ కాదు. వెచ్చటి నీళ్లలో క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది, సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక సమావేశానికి వచ్చినవాళ్లు న్యుమోనియాతో మరణించాక బయటపడిన లెజియోనెల్లా అనే బ్యాక్టీరియాకు 25 నుంచి 45 డిగ్రీల నీళ్లు బాగా నప్పుతాయి. తాగితే వచ్చే జబ్బు కాదిది, నీటి తుంపరలు ఊపిరితో లోపలికి వెళ్తే వస్తుంది. కొన్ని వారాలుగా వాడని షవర్‌ను మొదటిసారి తెరిచేటప్పుడు దాని కింద నిలబడకుండా, తుంపరలు లేవకుండా గుడ్డ చుట్టి, కాసేపు నీళ్లు వదిలేయాలి.

కడిగే పనిలో ఎక్కువగా తప్పిపోయేది గోడలు. అడుగున మడ్డి ఎత్తేస్తే ట్యాంకు శుభ్రమైందనుకుంటారు. ఏడిస్ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే గోడలను బ్రష్షుతో రుద్దాలి. మూత బిగుతుగా కూర్చోవాలి, పొర్లుడు గొట్టం నోటికి జాలీ ఉండాలి. తర్వాత క్లోరిన్ పట్టించడం. లీటరుకు 50 మిల్లీగ్రాముల మోతాదు కావాలంటే, 1000 లీటర్లకు 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు పడుతుంది. ఎండలో, తెరిచిన సంచిలో ఉన్న పౌడరుకు ఆ బలం ఉండదు, 25 శాతానికి దిగితే 200 గ్రాములు కావాలి. పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. ప్రతి కుళాయి నుంచీ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, మూసి, వీలైతే 24 గంటలు ఉంచి పారబోయాలి. తాగునీటి ఫిల్టరుకు వెళ్లే లైనును ముందే మూసేయడం మరవకూడదు. పారబోసే ఆ క్లోరిన్ నీళ్లు మొక్కలకు పనికిరావు. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, మూసిన ట్యాంకులో అది ప్రాణాంతకం. లోతైన సంపులోకి దిగేవాళ్లు ముందు మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఇంకో మనిషి లేకుండా దిగకూడదు.

వేడి నీళ్ల లైను

గీజరు వాడకం ఆగిపోయాక స్విచ్చి కట్టేస్తే సరిపోతుందనుకుంటాం. లోపల నీళ్లు నెలల తరబడి గోరువెచ్చగా నిలిచి ఉంటాయన్నది గుర్తుంచుకుని, అప్పుడప్పుడు వేడి కుళాయి తెరిచి నీళ్లు మార్చాలి. మళ్లీ వాడే రోజున ముందు 60 డిగ్రీలకు కాయనివ్వాలి.

సోలార్ హీటరుకు వేసవిలో వచ్చే ముప్పు ఖాళీ వల్లనే. గాజు ట్యూబుల్లో నీళ్లు లేకపోతే ఎండకు లోపలి వేడి 200 డిగ్రీలు దాటగలదు. మిట్టమధ్యాహ్నం ట్యాంకు నిండి ఆ ట్యూబుల్లోకి చన్నీళ్లు దిగితే గాజు పగులుతుంది. లైను ఖాళీ అయిందని తెలిస్తే సోలార్‌కు వెళ్లే వాల్వు మూసి, చీకటి పడ్డాకో తెల్లవారుజామునో నింపాలి. వాడకం తక్కువైతే సగం ట్యూబుల మీద ముదురు గుడ్డ కప్పవచ్చు.

మురుగు వైపు

సింకులు, నేల జాలీల కింద ట్రాపుల్లో (నీళ్లు నిలిచే వంపుల్లో) ఉండే నీటి అడ్డు మామూలుగా 50 మిల్లీమీటర్ల లోతు. అతిథుల బాత్రూంలాంటి వాడని చోట అది ఎండలకు కొన్ని వారాల్లో ఆవిరైపోతుంది. ఆపైన వాసన, బొద్దింకలు. పైపు ఎక్కడో పగిలిందని గోడ తవ్వించేముందు ఒక చెంబు నీళ్లు పోసి చూడటం మంచిది. బంకమన్ను నేలల్లో ఎండకు నేల పగుళ్లిచ్చి కుంగితే భూమిలోని పైపు జాయింట్లు తప్పుతాయి, తేమ వెతుక్కుంటూ చెట్ల వేళ్లు ఆ సందుల్లో దూరతాయి. మురుగు నెమ్మదిగా దిగడం వేసవి ముందే మొదలైతే మురుగు ఛాంబరు మూత తీసి చూడాలి.

సెలవులకు ఇల్లు మూసి వెళ్లేవాళ్లు ప్రధాన వాల్వు, ట్యాంకు అవుట్‌లెట్ రెండూ మూసేయాలి. వాషింగ్ మెషీన్ రబ్బరు గొట్టం నిరంతరం ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి దాని కుళాయి కూడా. లైనులో నీళ్లను మాత్రం ఖాళీ చేయకూడదు. ట్రాపుల్లో నీళ్లు నింపి, పైన రెండు చెంచాల నూనె వేస్తే ఆవిరి కావడం బాగా ఆలస్యమవుతుంది. తిరిగొచ్చాక కుళాయిల చివర ఉండే జాలీలు విప్పి పక్కన పెట్టి, వాల్వు నిదానంగా తెరిచి, పైపుల్లో నిలిచిన నీళ్లు పోయేదాకా వదలాలి. పేరుకున్న ఉప్పు పోవడానికి ఆ జాలీలను ఈలోగా వెనిగర్‌లో నానబెట్టి ఉంచితే, లైను శుభ్రమయ్యేసరికి అవి కూడా తిరిగి బిగించడానికి సిద్ధంగా ఉంటాయి.